ఆకుజిట్టలు: వైద్యుల చేతిలో ఒక పక్షికుటుంబ చరిత్ర

మద్రాసు సైన్యంలో సర్జనుగా పనిచేసిన టామస్ కేవర్‌హిల్ జెర్డన్ 1862–64 మధ్య కలకత్తాలో అచ్చువేయించిన ‘ద బర్డ్స్ ఆఫ్ ఇండియా’ మూడు సంపుటాలను తెలుగు పాఠకుడు తెరిస్తే, ముందుగా చూపును పట్టి నిలిపేవి దేశభాషల వరుసలో కనిపించే తెలుగు పేర్లు. ఆకులను కుట్టి గూడు కట్టే పిట్ట లిక్కుజిట్ట. తోకను విసనకర్రలా విప్పుతూ గంతులేసేది దాసరిపిట్ట. ముళ్ళకంపల్లో దూరి తిరిగేది కంపజిట్ట. చలికాలంలో వచ్చి, కొమ్మ మీద వాలి, ఎర్రని తోకను వణికించేది నూనెబుడ్డిగాడు. ఈ చివరి పేరుకు జెర్డన్ అర్థం కూడా ఇచ్చాడు, తన ఇంగ్లీషు పాఠకులు ఆ చమత్కారం వదులుకోకూడదన్నట్టు. రోమన్ లిపిలో, ఎడింబరోలో చదివిన దొర చెవికి వినబడిన తీరులో రాసినవి కనుక ఉచ్చారణ అక్కడక్కడ వంకర పోయింది. అయినా ఆ పేర్ల వెనుక ఒక తెలుగు గొంతు ఉన్నదన్న సంగతి ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది.

జెర్డన్ 1836లో మద్రాసు చేరాడు. మొదటి మజిలీ గంజాం జిల్లా. అక్కడ జ్వరాలతో, విరేచనాలతో పడిపోయిన సిపాయిలకు వైద్యం చేస్తూనే తూర్పు కనుమల పక్షులను చూడడం మొదలుపెట్టాడు. 1840లలో నెల్లూరు సివిల్ సర్జనుగా ఉన్న కాలంలో యానాదుల వద్ద అడవి సంగతులు నేర్చుకున్నాడు. ఆ ప్రాంతపు కొండల్లో అతనికి దొరికిన కలివికోడిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. తరువాత అది కనుమరుగై, 1986లో కడప జిల్లాలో మళ్ళీ బయటపడింది. అప్పుడు దానిని పట్టుకున్నవాడు ఐతన్న అనే స్థానికుడు. ఆ కథ తెలుగువారికి బాగానే తెలుసు. ఇక్కడ చెప్పబోయేది అంతటి పేరు పొందిన పక్షి గురించి కాదు.

నవంబరు నెలలో విశాఖ మన్యంలో గాని, నల్లమలలో గాని, ఊరి చివరి చింతతోపులో గాని తలెత్తి కాసేపు నిలబడితే, ఆకుల మధ్య ఆకురంగులోనే ఉన్న ఒక చిన్న పిట్ట కదలడం కనిపిస్తుంది. బరువు ఏడెనిమిది గ్రాములు. పైన మాసిన ఆకుపచ్చ, కింద తెలుపు వైపు మొగ్గిన బూడిద, కంటి మీద లేత రంగు కనుబొమ గీత, రెక్క మీద ఉండీ లేనట్టున్న ఒక సన్నని చార. క్షణం నిలవదు. ఆకు అడుగుభాగం వెదికి, పురుగును ఏరుకొని, మరో ఆకుకు పోతుంది. మధ్య మధ్య రెండు స్వరాల చిన్న పిలుపు. పక్షిశాస్త్రంలో ఈ కుటుంబానికి ఫిల్లోస్కోపిడే అని పేరు. ఆకులను పరిశీలించేవి అని ఆ గ్రీకు మాటల అర్థం. తెలుగు వాడుకలో వీటికి విడిగా పేరు వినిపించదు. ‘పిట్ట’ అంటారు, అంతే. జెర్డన్ పట్టికలోని వరస పట్టుకొని ఈ వ్యాసం మేరకు ‘ఆకుజిట్ట’ అనుకుందాం.

ఇందులో ఎనభై దాకా జాతులున్నాయి. ఒకదానిని మరొకదాని పక్కన పెడితే కవలపిల్లల ఫోటో ఆల్బమ్ చూసినట్టే ఉంటుంది. వీటిని విడదీసి గుర్తుపట్టడమే ఒక రెండున్నర శతాబ్దాల పని అయింది. ఆ పనిలో తలపెట్టిన వారిలో వైద్యులు ఎందరో ఉండడం విశేషం.

మొట్టమొదటివాడు లినేయస్. అతడు వైద్యంలో పట్టా పుచ్చుకొని, ఉప్సాలాలో వైద్యాచార్యుడుగా పనిచేసినవాడు. 1758లో అతడు పేరు పెట్టిన ‘ట్రోకిలస్’ అనే పిట్ట యూరపు ఆకుజిట్టల్లో ఒకటి. ఆ కాలానికి అటువంటి పచ్చని చిన్న పిట్టలన్నీ ఒక్కటే. అవి మూడు వేర్వేరు జాతులని స్పష్టంగా చెప్పినవాడు మాత్రం వైద్యుడు కాదు, ఇంగ్లండులో సెల్బోర్న్ అనే పల్లెటూరి మతాచార్యుడు గిల్బర్ట్ వైట్. 1768 ఆగస్టులో టామస్ పెనంట్‌కు రాసిన ఉత్తరంలో ఆయన ఆ సంగతి తెలియజేశాడు. ఆ ఉత్తరాలే 1789లో ‘ద నేచురల్ హిస్టరీ ఆఫ్ సెల్బోర్న్’ అనే పుస్తకమై, ఇంగ్లీషు వచనంలో నేటికీ చదవదగ్గ రచనల్లో ఒకటిగా నిలిచిపోయింది. వైట్ పద్ధతి చాలా సాదా. ఆయన పిట్టలను చూడడం కంటే ఎక్కువగా విన్నాడు. రెండక్షరాలను మార్చి మార్చి పలికేది ఒకటి, మెట్లు దిగినట్టు రాగం తీసేది ఒకటి, చెట్ల శిఖరాలలో వణుకుతూ సీత్కారం చేసేది ఒకటి.

వైద్యచరిత్ర తెలిసినవారికి ఇక్కడ మరో తేదీ గుర్తుకు వస్తుంది. రోగి ఛాతీ మీద వేళ్ళతో తట్టి, వినబడిన ధ్వనిని బట్టి లోపలి జబ్బును తెలుసుకోవచ్చునని వియన్నాలో లియొపోల్డ్ అవున్‌బ్రుగర్ పుస్తకం రాసింది 1761లో. వైట్ ఉత్తరం దానికి ఏడేళ్ళ తరువాతిది. లాయెనెక్ స్టెతస్కోపు తయారుచేసింది 1816లో. వైట్ విన్న రెండక్షరాల పిట్టకు, అంటే చిఫ్‌చాఫ్‌కు, ఫ్రెంచి పక్షిశాస్త్రజ్ఞుడు వియెయో లాటిన్ పేరు పెట్టింది 1817లో. ఒకదానికొకటి సంబంధం లేని సంగతులే. కాని కంటికి ఒకేలా కనిపించే వాటిని చెవి విడదీయగలదన్న నమ్మకం ఆ కాలపు గాలిలో ఉన్నట్టుంది.

భారతదేశానికి వచ్చేసరికి ఈ నమ్మకం వెనక్కి పోయింది. ఇక్కడ ఆకుజిట్టలను చెవితో కాక కత్తితో చదివారు. కంపెనీ కొలువులోని సర్జను దగ్గర శాస్త్రచికిత్స పనిముట్లు ఉంటాయి, రెజిమెంటుతో పాటు ఊళ్ళు తిరిగే అవకాశం ఉంటుంది, మందుల పెట్టెలో ఆర్సెనిక్ ఉంటుంది. జ్వరానికి ఫౌలర్ ద్రావణంగా రోగి గొంతులో పోసింది ఆ విషాన్నే. పిట్ట చర్మానికి పురుగు పట్టకుండా పూసిందీ దానినే. చర్మం ఒలిచి, దూది కూరి, కాలికి చీటీ కట్టి పంపితే కలకత్తాలోనో లండనులోనో ఎవరో ఒకరు దానికి పేరు పెట్టేవారు. ఆ చర్మానికి గొంతు ఉండదు. పచ్చదనం కూడా కొన్నాళ్ళకు మాసిపోతుంది.

తెలుగునాట చలికాలంలో కనిపించే ఆకుజిట్టల్లో ప్రధానమైన దానికి పేరు పెట్టినవాడు కార్ల్ సుండెవాల్ అనే స్వీడిష్ పండితుడు. యువకుడుగా ఓడలో కలకత్తాకు వచ్చి, అక్కడి పక్షులను సేకరించి, స్వదేశం చేరి 1830లో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. కలకత్తా పక్షుల మీద 1837లో రాసిన వ్యాసంలో ఈ పిట్టకు ‘ట్రోకిలాయిడిస్’ అని పేరు పెట్టాడు. లినేయస్ పేరు పెట్టిన ఆ యూరపు పిట్టను పోలినది అని దాని అర్థం. బెంగాలు చెట్ల మీద దొరికిన పక్షికి స్వీడను అడవిలోని పక్షి పోలికతో పేరు వచ్చింది. ఇంగ్లీషులో దీనిని ‘గ్రీనిష్ వార్బ్లర్’ అంటారు. ఆకుపచ్చగా ఉన్నట్టు అనిపించేది అని! ఇంతకంటే నిరుత్సాహపు నామకరణం మరొకటి ఉండదు.

సుండెవాల్ తరువాత కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో ఆ పని అందుకున్నవాడు ఎడ్వర్డ్ బ్లైత్. లండను శివారులోని టూటింగ్‌లో మందుల దుకాణం పెట్టి నష్టపోయి, 1841లో కలకత్తా కొలువుకు వచ్చాడు. జీతం చాలని ఉద్యోగం, ఎడతెగని పని. దేశం నలుమూలల నుంచి వచ్చే చర్మాలు విప్పి చూడడం, పేరు పెట్టడం, ఉత్తరాలు రాయడం. 1843 ఒక్క సంవత్సరంలోనే అతడు రెండు ఆకుజిట్టలకు పేర్లు పెట్టాడు. ఒకటి ‘నిటిడస్’, తళతళలాడేది. కాకసస్ పర్వతాల్లో గూడు పెట్టి, దక్షిణ భారతంలో, శ్రీలంకలో చలికాలం గడిపే పిట్ట అది. రెండవది ‘ట్రిస్టిస్’, అంటే దిగులుగా ఉన్నది. సైబీరియా నుంచి వచ్చే ఈ చిఫ్‌చాఫ్‌ది వట్టి గోధుమరంగు. దాని దీనమైన పిలుపు విన్నవారికి ఆ పేరు అతికినట్టే అనిపిస్తుంది.

తరువాతి తరంలో ఈ కుటుంబం మీద మోజు పడినవారిలో వైద్యులు తక్కువ. విలియం ఎడ్విన్ బ్రూక్స్ రైల్వే ఇంజనీరు. ఆక్టేవియన్ హ్యూమ్ ఐ.సి.ఎస్. అధికారి, తరువాతి కాలంలో కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడు. బ్రూక్స్ 1878లో ఒక చిన్న ఆకుజిట్టకు మిత్రుడైన హ్యూమ్ పేరు పెట్టాడు. హ్యూమ్ పాతికేళ్ళు శ్రమించి రాసుకున్న రాతప్రతులు సిమ్లాలో చిత్తుకాగితాల కింద బజారులో అమ్ముడుపోయాయి. ఆ దెబ్బతో మనసు విరిగి 1885లో ఎనభై వేలకు చేరువైన తన సేకరణను బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చివేశాడు. పక్షిశాస్త్రానికి ఆ ఏడాది జరిగిన నష్టం రాజకీయాలకు లాభించిందని చమత్కరించేవారు ఉన్నారు. ఆకుజిట్టల చరిత్రకు సంబంధించినంత వరకు, భారతదేశపు చర్మాలు ఒక్కచోట, ఒక్క కప్పు కింద చేరడం వల్లనే ముందు ముందు అసలైన పని సాధ్యమైంది.

ఆ పని చేసినవాడు మళ్ళీ వైద్యుడే. క్లాడ్ బుకానన్ టైస్‌హర్స్ట్ 1881లో పుట్టాడు. వైద్యం చదివాడు. మొదటి ప్రపంచయుద్ధంలో రాయల్ ఆర్మీ మెడికల్ కోర్ తరఫున భారతదేశానికి వచ్చి, కరాచీ, క్వెట్టా ప్రాంతాల్లో పనిచేస్తూ సింధు పక్షుల మీద వ్యాసాలు రాశాడు. 1938లో బ్రిటిష్ మ్యూజియం ప్రచురించిన ‘ఎ సిస్టమాటిక్ రివ్యూ ఆఫ్ ద జీనస్ ఫిల్లోస్కోపస్’ ఆయన జీవితకృషి. పాఠకుడిని మెప్పించే పుస్తకం కాదు. వైట్ రాసిన పేజీ చదివిన నోటితో దీనిని చదవడం పండు తిన్నాక పత్యం తిన్నట్టుంటుంది. రెక్కల ఈకల్లో ఏది ఎన్నవది, ఏది దేనికంటే ఎన్ని మిల్లీమీటర్లు పొట్టి, ఎప్పుడు ఈకలు రాలుస్తుంది అన్న వివరాలు వరుసగా ఉంటాయి. రక్తపరీక్షల రిపోర్టులు కుట్టిన ఫైలులాంటిది అది. ఫైలంతా ఓపికగా చదివిన వైద్యుడికే జబ్బు ఏమిటో తోచినట్టు, ఆ కొలతల మధ్య నుంచే టైస్‌హర్స్ట్‌కు ఒక గొప్ప సంగతి తోచింది.

సుండెవాల్ పేరు పెట్టిన ఆ ‘పచ్చనిదేమో’ పిట్ట హిమాలయాల్లో గూడు పెడుతుంది. అక్కడి నుంచి దాని బంధుజనం రెండు చేతులు చాచినట్టు రెండు దిక్కులకు వ్యాపించి ఉంది. ఒక చేయి పడమటగా కాశ్మీరు, మధ్య ఆసియా కొండల మీదుగా సైబీరియా దాకా. మరొకటి తూర్పున చైనా మీదుగా మళ్ళీ సైబీరియా దాకా. నడుమ టిబెట్టు పీఠభూమి. అక్కడ చెట్లు లేవు కనుక ఆకుజిట్టా లేదు. ఈ గొలుసులో ఏ పక్క పక్క రూపాలను తీసుకున్నా తేడా అతిస్వల్పం. కాని రెండు కొసలు సైబీరియా నడిమి అడవుల్లో మళ్ళీ కలుసుకున్నచోట, రెక్క మీద ఒక చార ఉన్న పడమటి పిట్టా, రెండు చారలున్న తూర్పు పిట్టా ఒకే అడవిలో ఉంటూ జతకట్టవు.

తెలుగు మాండలికాలతో పోల్చి చూడవచ్చు. శ్రీకాకుళం నుంచి ఒకరు కోస్తా వెంబడి, మరొకరు మన్యం దాటి తెలంగాణ మీదుగా, ఊరూరా ఆగుతూ నడిచారనుకుందాం. పక్క ఊరి మాట ఇద్దరికీ ఎక్కడా తెలియకుండా పోదు. చివరికి ఇద్దరూ ఒకే సత్రంలో కలుసుకొని, ఒకరి మాట ఒకరికి బొత్తిగా అర్థం కాక వేరుగా పడుకుంటే ఎలా ఉంటుంది? ఒక జాతి రెండుగా ఎలా చీలుతుందో, కాలంలో జరిగే ఆ మార్పును భూమి మీద పరచి చూపినట్టుగా ఉన్న ఉదాహరణ ఇది. ఎర్నెస్ట్ మయర్ 1942లో తన ప్రసిద్ధ గ్రంథంలో దీనిని ఎత్తిచూపిన తరువాత జీవపరిణామ పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. టైస్‌హర్స్ట్ అప్పటికి లేడు, 1941లో చనిపోయాడు.

యుద్ధకాలపు టైస్‌హర్స్ట్‌కు సంబంధించిన మరో పని ఈ కథను గల్ఫు వైపు తిప్పుతుంది. మెసొపొటేమియాలో పోరాడుతున్న బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో పక్షుల పిచ్చి ఉన్న అధికారులు అనేకులు. వారు కాల్చి పంపిన వాటి ఆధారంగా, పి. ఎ. బక్స్‌టన్, ఆర్. ఇ. చీస్‌మన్‌లతో కలిసి టైస్‌హర్స్ట్ ‘ద బర్డ్స్ ఆఫ్ మెసొపొటేమియా’ రాశాడు. 1921–22లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో అది అచ్చయింది. బక్స్‌టన్ కూడా వైద్యుడే, కీటకాల ద్వారా వచ్చే వ్యాధుల నిపుణుడు. బస్రా నుంచి ఎడారి దారిన దక్షిణానికి దిగితే కువైట్. అప్పటికి అది మట్టిగోడ కట్టుకుంటున్న చిన్న రేవుపట్నం.

ఆకుజిట్టకు ఎడారిలో ఏం పని అనిపించవచ్చు. ఉత్తరాన గూడు పెట్టి దక్షిణాన చలికాలం గడిపే పక్షులకు కువైట్ దారిలో పడుతుంది. ఆఫ్రికాకు పోయే ‘ట్రోకిలస్’ వసంతంలోనూ శరత్తులోనూ ఇక్కడ ఆగి ఊపిరి పీల్చుకొని పోతుంది. చిఫ్‌చాఫ్ అలా కాదు, అక్టోబరులో వచ్చి మార్చి దాకా ఉండిపోతుంది. వైట్ 1768లో విన్న పిట్ట కుటుంబమే ఇది. బ్లైత్ ‘దిగులుపిట్ట’ కూడా ఈ వైపుకు వస్తుంది. నూనె దొరికిన తరువాత నగరం పెరిగి, నీళ్ళు పోసి చెట్లు పెంచడంతో దానికి నిలువనీడ పెరిగింది. ఫర్వానియాలో రోడ్ల నడుమ నాటిన కోనోకార్పస్ వరుసల్లోను, ప్రహరీగోడల పక్కన ఉన్న సిద్ర్ చెట్లలోను చలికాలపు ఉదయాల్లో తోకను కిందికి ముంచినట్టు ఆడిస్తూ తిరిగే గోధుమరంగు పిట్ట అదే. సిద్ర్ మన రేగుకు దగ్గర చుట్టం. పూత పూసినప్పుడు దోమలూ ఈగలూ ముసురుతాయి, పిట్టకు అంతకంటే ఏం కావాలి! విమానాశ్రయం పక్కన, బస్సుల రొద నడుమ, ఆ చెట్ల కిందుగా రోజూ పనికి పోయేవారిలో రాయచోటి, రాజంపేట వాళ్ళూ, గోదావరి జిల్లాల ఆడవాళ్ళూ తక్కువమంది కారు. తలెత్తి చూస్తే నల్లమలలో చలికాలానికి వచ్చే పిట్టకు ఇది సొంత చుట్టమే.

పుస్తకాలు ఈ పిట్టలన్నిటినీ ‘చలికాలపు అతిథులు’ అంటాయి. పక్షిశాస్త్రంలో గూడు ఎక్కడ ఉంటే ఇల్లు అదే. పదకొండు నెలలు ఫర్వానియాలో పనిచేసి, ఒక నెల సెలవుకు రాయచోటి వెళ్ళే మనిషిని ఇల్లెక్కడని అడిగితే రాయచోటి అనే చెబుతాడు. కాబట్టి ఆ నియమాన్ని తప్పు పట్టడం కష్టం. అయినా లెక్క చూడాలి. సుండెవాల్ పిట్ట సెప్టెంబరులో ద్వీపకల్పానికి చేరి ఏప్రిల్ చివరి దాకా ఉంటుంది. ఎనిమిది నెలలు. ఉత్తరాన గూటి దగ్గర గడిపేది మూడు నెలలకు మించదు. మిగిలింది ప్రయాణం. అంత కాలం ఇక్కడ ఉండే ప్రాణి గురించి, అది ఇక్కడ ఎలా బ్రతుకుతుందన్న ప్రశ్న నూరేళ్ళకు పైగా ఎవరూ గట్టిగా అడగలేదు. చర్మాలు మాత్రం పోగయ్యాయి. వెర్నే సర్వే తరఫున లా పెర్సోన్ తూర్పు కనుమల్లో సేకరించాడు. 1931–32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి హైదరాబాదు సర్వే చేశాడు. రెండింటి పక్షులనూ ఇంగ్లండులో కూర్చుని పరిశీలించినవాడు హ్యూ విస్లర్, పంజాబు పోలీసు శాఖలో పనిచేసిన అధికారి, టైస్‌హర్స్ట్ స్నేహితుడు. సలీం అలీ వచనంలో పిట్టలు బ్రతికి ఉంటాయి. విస్లర్ టిప్పణుల్లో అవి మళ్ళీ కొలతలైపోతాయి. ఆ సర్వే నివేదికను చదివేటప్పుడు ఈ రెండు గొంతుల తేడా పేజీ పేజీకి తెలుస్తుంది.

ఆ ప్రశ్న అడిగినవాడు ట్రెవర్ ప్రైస్ అనే యువకుడు. 1970లలో విశాఖ ప్రాంతానికి వచ్చి, స్థానిక పక్షిశాస్త్రజ్ఞుడు కె. ఎస్. ఆర్. కృష్ణరాజుతో కలిసి తూర్పు కనుమల్లో తిరిగాడు. ఇద్దరూ కలిసి 1973లో రాసిన చిన్న వ్యాసం ఒక పిచ్చుక జాతి గురించి. తరువాత ప్రైస్ ఆంధ్రప్రదేశ్ తూర్పు కనుమల్లో ఏ పక్షి ఏ ఋతువులో ఉంటుందో వివరిస్తూ దీర్ఘవ్యాసం రాశాడు. 1981లో ‘ఐబిస్’ పత్రికలో వచ్చిన వ్యాసం పూర్తిగా మన ఆకుజిట్టదే. చలికాలపు నెలవులో దాని జీవనవిధానం మీద.

ప్రైస్ మొదలుపెట్టి, ఇతరులు కొనసాగించిన ఆ పరిశీలనల వల్ల తేలినది ఇది. ఈ పిట్ట ఇక్కడ సత్రంలో దిగిన బాటసారిలా ఉండదు. వచ్చిన ప్రతి పిట్టా తనకంటూ కొన్ని చెట్లు ఎంచుకొని, రోజంతా ఆ రెండు స్వరాల పిలుపుతో హద్దులు చాటుతుంది. పొరుగుపిట్ట హద్దు దాటితే తరుముతుంది. వసంతంలో వేల మైళ్ళు పోయి, ప్రాణంతో మిగిలితే మరుసటి శరత్తులో మళ్ళీ ఆ చెట్లకే వస్తుంది. అంటే అది వలస వచ్చే చోటు ‘దక్షిణ భారతం’ కాదు. ఫలానా వాగు పక్కన ఫలానా మామిడిచెట్టు. శతాబ్దంన్నర పాటు ‘వింటర్ విజిటర్’ అని ఒక్క ముక్కలో తేల్చేసిన దాని వెనుక ఇంత సంసారం ఉంది. సర్జన్లు పంపిన చర్మాలు ఎన్ని వేలైనా ఈ మాట చెప్పలేవు. చంపినదానికి మరుసటి ఏడు ఉండదు కదా.

ప్రైస్ ఆ పిట్ట వెంట హిమాలయాలకు పోయాడు. డారెన్ ఇర్విన్, స్టాఫాన్ బెన్ష్‌లతో కలిసి 2001లో ‘నేచర్’లో ప్రచురించిన పరిశోధన టైస్‌హర్స్ట్ ఊహను నూతన సాధనాలతో పరీక్షించింది. ఈసారి ఆయుధం టేపు రికార్డరు. హిమాలయాల్లో పాట చిన్నది, సాదాది. అక్కడి నుంచి రెండు దారుల్లోనూ ఉత్తరానికి పోయేకొద్దీ పాట పొడవవుతుంది, అయితే పడమట ఒక తీరున, తూర్పున మరో తీరున. సైబీరియాలో ఒక కొస పాటను రెండో కొస పిట్టకు వినిపిస్తే అది పట్టించుకోదు. గిల్బర్ట్ వైట్ తోటలో చెవితో మొదలైన విచారణ మళ్ళీ చెవి దగ్గరికే వచ్చింది. 2014లో అదే బృందానికి చెందిన కొందరు జన్యువులను చదివి చూసి, ఆ వలయం పుస్తకాల్లో చెప్పినంత అతుకులేనిది కాదని, గతంలో కొన్నిచోట్ల తెగి మళ్ళీ కలిసిందని చెప్పారు. పాఠ్యపుస్తకపు ఉదాహరణ కొంచెం మాసింది. నిజానికి అటువంటి అతుకులతోనే ఆ కథ నమ్మదగినదిగా కనిపిస్తుంది.

ఈలోగా కుటుంబపు పేరు కూడా మారింది. 2006లో పేర్ ఆల్‌స్ట్రోమ్, ఆయన సహచరులు పాత సిల్వియిడే అనే పెద్ద ఉమ్మడి కుటుంబాన్ని విడదీశారు. లిక్కుజిట్టలు ఒక వైపు, కంపజిట్టలు ఒక వైపు, ఆకుజిట్టలు ఒక వైపు అయ్యాయి. జెర్డన్‌కు తెలుగు పేర్లు చెప్పినవారు ఆకులు కుట్టేదాన్నీ, కంపలో దూరేదాన్నీ వేరు వేరు పేర్లతో ఏనాడో పిలుచుకున్నారు. ప్రయోగశాల ఆ విషయం తెలుసుకోవడానికి కొంత ఆలస్యమైంది.

పిట్టకు ఫలానా చెట్టు అవసరమైనప్పుడు ఆ చెట్టు లేకపోతే ఏమవుతుందన్నది తేలికైన ప్రశ్న కాదు. పక్కనున్న అడవిలోకి పొమ్మనడానికి లేదు; అక్కడ మరో పిట్ట హద్దు ఉంటుంది. మన్యంలో అడవి తగ్గి, పోడు, టేకుతోటలు, సిల్వర్ ఓక్ నీడన కాఫీతోటలు వచ్చాయి. మనిషి చేయి పడిన ఈ అడవులను పక్షులు ఎలా వాడుకుంటున్నాయో బ్రూస్ బీలర్, కృష్ణరాజు తదితరులు 1987లోనే పరిశీలించారు. ఇప్పుడు లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున మంచు చూడడానికి కార్లు బారులు తీరుతున్నాయి. వచ్చినవారు ఫోటోలు తీసుకొని మధ్యాహ్నానికి దిగిపోతారు. వారి తలల మీది కొమ్మల్లో సెప్టెంబరు నుంచీ ఉంటున్న ప్రాణి ఒకటి హద్దు కాచుకుంటూ ఉంటుంది. ఇద్దరిలో అతిథి ఎవరన్నది పుస్తకంలో చూసి చెప్పేది కాదు.

మార్చిలో ఫర్వానియా సిద్ర్ చెట్ల నుంచి చిఫ్‌చాఫ్ ముందుగా లేచి పోతుంది. మన్యంలోని ఆకుజిట్టకు ఇంకా తొందర ఉండదు. ఏప్రిల్‌లో, చింత చిగుళ్ళ వేళకు, చలికాలమంతా రెండు స్వరాలతో సరిపెట్టుకున్న గొంతు విప్పుతుంది. సైబీరియాలో ఏది తన జాతి, ఏది కాదని తేల్చే ఆ పాటను ప్రయాణానికి ముందు కొన్ని రోజులు ఇక్కడే, తన చెట్టు మీదే, సాధన చేస్తుంది. మే మొదటివారానికి కొమ్మలు ఖాళీ.